పిలవని పేరు

15 సెప్టెంబరు 1969, సోమవారం

ఇవాళ బడి తెరిచారు. జూన్‌లో తెరవాల్సింది. సిటీలో ప్రత్యేక తెలంగాణ బందులు ఇంకా పూర్తిగా ఆగలేదు గానీ మా కొత్తపేట వైపు శాంతంగానే ఉంది కాబట్టి నడపమని పై నుంచి ఉత్తరం వచ్చిందట. నాకు రెండో తరగతి ఇచ్చారు. యాభై ఒక్క పేర్లకు ముప్పై ఎనిమిది మంది వచ్చారు. ఇన్ని నెలలు ఇళ్ళల్లో తలుపులు వేసుకుని పెరిగిన పిల్లలు. తలుపు చప్పుడైతే చాలు, అందరి తలలూ ఒకేసారి తిరుగుతున్నాయి.

హాజరు పట్టీ రాస్తూ రాస్తూ ఇరవై మూడో పేరు దగ్గర ఆగిపోయాను. కుసుమకుమారి. తండ్రి పట్టాభి, సెక్రటేరియట్‌లో గుమాస్తా. ఇల్లు దిల్‌సుఖ్‌నగర్.

ఆ ఇల్లు నాకు తెలుసు. పచ్చ గేటు, మెట్ల పక్కన కనకాంబరాలు. జూన్‌లో ఆ మెట్ల మీద నుంచే మా ఇస్సాకును రాళ్ళు వేశాడని పోలీసులకు వేలుపెట్టి చూపించారు. ఎదురుగా కూరగాయలు అమ్మే ఈరమ్మ చూసింది. "గా ఆంధ్రోళ్ళ మెట్ల మీదికెల్లి చూపించిన్రు బిడ్డా. పోలీసోళ్ళు నీ తమ్ముణ్ణి గల్ల వట్టి గుంజుకపోయిన్రు" అని ఆ సాయంత్రమే మా ఇంటికొచ్చి చెప్పింది. ఇరవై రెండు రోజులు లోపల ఉంచారు. తిరిగొచ్చేసరికి వాడి కుడిచేతి రెండు వేళ్ళు వంకరగా అతుక్కుని ఉన్నాయి. పంతొమ్మిదేళ్ళవాడు. టైపు పరీక్షకు డబ్బు కట్టి ఉన్నవాడు.

పట్టాభిని నేనేం చేయగలను? ఆయన ఆఫీసు మెట్లు కూడా ఎక్కలేను. మూడు నెలలుగా నాకు అన్నం సహించనిది ఈ ఒక్క సంగతి మీదే. ఇవాళ దేవుడు ఆయన కూతుర్ని తెచ్చి నా ఎదురుగా చాప మీద కూర్చోబెట్టాడు.

ఇది నేను తప్ప ఎవరూ చదవని పుస్తకం. సిగ్గుపడకుండా రాస్తాను. సంతోషమేసింది.

16 సెప్టెంబరు

పిల్లను నేనేమీ చేయను. దానికేం తెలుసు పాపం.

ఇస్సాకు రాయి వేయలేదు. వాడి చొక్కా ఉతికింది నేనే. అందులో ఏమీ లేదు.

18 సెప్టెంబరు, గురువారం

ఇంటర్వెల్‌లో పిల్లలు కర్ఫ్యూ ఆట ఆడుతున్నారు. సగం మంది పోలీసులు, సగం మంది జనం. కాల్పులంటే ఎవరు పడిపోవాలో ముందే పంచుకుంటారు. పడిపోయినవాళ్ళు గంట కొట్టినా లేవరు, మేం చచ్చిపోయాం టీచర్ అంటారు.

మధ్యాహ్నం బెజవాడ రోడ్డు మీద ఏదో లారీ టైరు పేలింది. పాఠం చెబుతున్నదాన్ని, నేను కూడా ఉలిక్కిపడ్డాను. క్లాసు క్లాసంతా ఒక్క అరుపుతో నా మీదికి వచ్చి పడ్డారు. కొంగు పట్టుకున్నవాళ్ళు, కాళ్ళు పట్టుకున్నవాళ్ళు, మోకాళ్ళ మీద తల పెట్టి ఏడ్చినవాళ్ళు. కింద కూర్చుని అందర్నీ దగ్గరికి తీసుకున్నాను. అది టైరురా, గాలి పోయింది, అంతే అని ఒక్కొక్కరి వీపు నిమిరాను.

ఒకటో తరగతి సుమిత్రమ్మ టీచర్ పరుగెత్తుకొచ్చింది. ఇరవై ఏళ్ళ సర్వీసు ఆమెది. పిల్లలు సర్దుకున్నాక నన్ను వరండాలోకి పిలిచింది.

"కొన్ని దినాలు ఎక్కాలు పక్కకు పెట్టు ఎస్తేరూ. గిప్పుడు నువ్వు ఏం చెప్పినా ఎక్కదు. బంకమట్టి ఇయ్యి, పాటలు పాడియ్యి. ఎవరికి ఏం భయమైందో ఆళ్ళ నోటితోనే చెప్పనియ్యి. నవ్వకు, మధ్యల ఆపకు, ఊకె విను. గంతే."

మంచి మాట. రేపటి నుంచి అలాగే చేస్తాను.

కుసుమకుమారి కూడా వచ్చింది, టైరు పేలినప్పుడు. రెండడుగుల దూరంలో ఆగి నా వైపు చూసింది. నా ఒడిలో చోటు లేదు. నిజంగానే లేదు. వెళ్ళి గోడకు ఆనుకుని నిలబడింది.

24 సెప్టెంబరు, బుధవారం

బంకమట్టి బాగా పనిచేస్తోంది. చెరువు గట్టు నుంచి సుమిత్రమ్మ టీచర్ తట్టతో తెప్పించింది. మట్టి పిసుకుతూ పిసుకుతూ వాళ్ళంతట వాళ్ళే చెబుతున్నారు. ఒకడి మామను లాఠీలతో కొట్టారు. ఒక పిల్ల వాళ్ళ నాన్న మూడు రోజులు ఇంటికి రాలేదు. విన్నాను. మధ్యలో ఆపలేదు. ఈ వారం ఇద్దరు పిల్లలు నిద్రలో ఏడవడం మానేశారని తల్లులొచ్చి చెప్పారు. ఒకామె నా చెయ్యి పట్టుకుంది.

మంచి టీచరునే నేను.

ఈ వారం నుంచి హాజరు పిలిచేటప్పుడు ఇరవై రెండు తర్వాత ఇరవై నాలుగు పిలుస్తున్నాను. ఇరవై మూడుకు నేనే హాజరు గుర్తు పెడతాను. పట్టీలో ఆ పిల్ల ఒక్క రోజు కూడా మానినట్టు ఉండదు. ఎవరూ తప్పు పట్టలేరు. మొదటి రోజు నోరు తెరిచి కాచుకుని కూర్చుంది. నేను పట్టీ మూసేశాక మెల్లగా మూసుకుంది.

తిట్టలేదు. కొట్టలేదు. పేరు పిలవలేదు, అంతే.

3 అక్టోబరు, శుక్రవారం

ఇంటికి వెళ్ళేటప్పుడు పిల్లలు జతలుగా చేతులు పట్టుకుని వరసలో నిలబడాలి. కుసుమకుమారి చెయ్యి ఎవరూ పట్టుకోవడం లేదు. నేనెవరికీ చెప్పలేదు. పిల్లలు టీచరు ఎవరి వైపు చూస్తుందో, ఎవరి వైపు చూడదో కనిపెడతారు. ఇవాళ వెనక నుంచి ఎవరో ఆంధ్రావాళ్ళను వెక్కిరించే మాట, "గోంగూర" అన్నారు. మందలించాల్సింది. గేటు దగ్గర ఏదో పనిలో ఉన్నాను.

ఇస్సాకు ఇవాళ కూడా బయటికి రాలేదు. చంపాపేట నుంచి బడికి రోజూ సైకిల్ మీద దింపేవాడు నన్ను. పోయినేడు బడి ఆవరణలో పిల్లల్ని వంతుల వారీగా ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని తిప్పేవాడు. ఇప్పుడు సైకిల్ గాలి పోయి గోడకు ఆనించి ఉంది. వాడు కిటికీకి వీపు పెట్టి కూర్చుంటాడు. పలకరిస్తే ఊ అంటాడు. అమ్మ అన్నం కలిపి పెడితే ఎడమచేత్తో తింటాడు.

అది చూసి బడికి వెళతాను. వెళ్ళి ఇరవై మూడో పేరు దాటేస్తాను. రోజంతా ఒంట్లో కాస్త తేలిగ్గా ఉంటుంది.

9 అక్టోబరు, గురువారం

కుసుమకుమారి చాప తడిపేసింది. రెండో గంటలో చిటికెన వేలు ఎత్తిందట. పిల్లలందరూ ముక్కులు మూసుకుని జరిగారు. ఆ పిల్ల ఏడవలేదు. తడిలోనే కదలకుండా కూర్చుంది, కనబడకుండా ఉంటే చాలన్నట్టు.

సుమిత్రమ్మ టీచర్ వచ్చి తీసుకెళ్ళి బావి దగ్గర కడిగింది. పోయినేడు తన క్లాసు పిల్లే కదా. తిరిగొచ్చి నా బల్ల దగ్గర నిలబడింది.

"గా పిల్ల ఏలు ఎత్తింది. నేను కిటికిలకెల్లి చూసిన. బాగ సేపు ఎత్తే ఉంది. నువ్వు చూడలేదా?"

"చూడలే టీచర్."

"ముంగటనే ఉంది గద."

"చూడలే."

ఆమె నా మొహంలోకి చూసి వెళ్ళిపోయింది.

చూడలేదు.

12 అక్టోబరు, ఆదివారం

దసరా సెలవులు. చర్చిలో పాస్టరుగారు క్షమించడం గురించి మాట్లాడారు. మధ్యలో లేచి బయటికి వచ్చేశాను. ఆయన తమ్ముడి వేళ్ళు బాగానే ఉన్నాయి.

27 అక్టోబరు, సోమవారం

వచ్చాడు. పట్టాభి తనంతట తానే వచ్చాడు నా దగ్గరికి.

నేను అనుకున్నట్టు లేడు. సన్నగా, మెడ దగ్గర చొక్కా వదులుగా. చెప్పులు క్లాసు బయటే విడిచి లోపలికి వచ్చాడు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"టీచరుగారూ, మా అమ్మాయి ఇంట్లో మాట్లాడ్డం మానేసిందండీ. పదిహేను రోజులవుతోంది. ఏది అడిగినా తల ఊపుతుంది, అంతే. పక్క తడుపుతోంది. గోళ్ళు కొరుకుతోందని వాళ్ళమ్మ వేపాకు రసం రాసింది, అయినా మానలేదు."

"అట్లనా" అన్నాను.

"జూన్‌లో మా ఇంటి మీద రాళ్ళు పడ్డాయండీ. కిటికీ అద్దం పగిలి దాని పక్కలో పడింది. అప్పట్నుంచీ కొంచెం బెదురుగానే ఉంది. బడి తెరిస్తే సర్దుకుంటుందని మేం కూడా ఎదురుచూశాం. మీ క్లాసని తెలిసి ఎంత సంతోషించిందో. ఎస్తేరు టీచరండీ, ఎస్తేరు టీచరండీ అని వీధంతా చెప్పుకొచ్చింది. మరి ఇక్కడెలా ఉంటోందండీ? మీతో మాట్లాడుతోందా?"

ఈ ఘడియ కోసం నాలుగు నెలలుగా ఒక మాట నోట్లో తయారుగా పెట్టుకున్నాను. మీరు చూపించిన ఇస్సాకు నా తమ్ముడు అనాలి. ఆయన మొహం ఎలా మారుతుందో చూడాలి. కానీ అనలేదు. అంటే అయిపోతుంది. ఆయన కళ్ళల్లో ఆ భయం ఇంకొన్నాళ్ళు ఉండాలనిపించింది. మా అమ్మ కళ్ళల్లో ఇరవై రెండు రోజులు ఉంది.

"క్లాసుల మంచిగనే ఉంటదండీ. ఎవరి జోలికి పోదు" అన్నాను.

ఆయన దణ్ణం పెట్టాడు. వెళుతూ వెళుతూ గుమ్మం దగ్గర ఆగి, "ఆ రోజు నేను ఇంట్లో ఉండి ఉంటే బాగుండేదండీ. ఆఫీసులో చిక్కుబడిపోయాను. ఇంటికి చేరేసరికి చీకటి పడింది. అన్నీ అయిపోయాయి" అన్నాడు.

అబద్ధం. ఇంట్లో లేకపోతే మెట్ల మీద నుంచి చూపించింది ఎవరు?

28 అక్టోబరు, మంగళవారం

బడి అయ్యాక తిన్నగా ఈరమ్మ దగ్గరికి వెళ్ళాను. వంకాయల మీద నీళ్ళు చల్లుతోంది.

"ఈరమ్మా, జూన్‌ల మా ఇస్సాకును చూపించింది ఎవరు? గా ఇంటాయననే గద?"

"ఇంటాయన ఏడున్నడు? ఆయన రాలే ఇంక అప్పటికి."

"మరి చూపించిన్రు అంటివి?"

"చూపించిన్రు అంటే... పొల్ల బిడ్డా. ఆళ్ళ పొల్ల. తల్లి లోపల గాజు పెంకులు ఎత్తుతుండె. పొల్ల మెట్ల మీద ఒక్కతే నిలవడ్డది. పోలీసాయన ఒంగి ఏందో అడిగిండు. పొల్ల చెయ్యి ఎత్తి చూపించింది."

"నాకు అప్పుడే ఎందుకు చెప్పలే?"

"పసిపొల్ల పేరు ఏం చెప్పాలె అనుకున్న."

నడుచుకుంటూ ఇంటికి వచ్చాను. ఎలా వచ్చానో గుర్తు లేదు.

29 అక్టోబరు

అయితే ఆ పిల్లే.

తండ్రి చేసినదానికి పిల్లను బాధపెడుతున్నానేమోనని ఇన్నాళ్ళూ లోపల ఒక ముల్లు ఉండేది. ఇక్కడ కూడా రాయలేదు. ఇక ఆ ముల్లు లేదు. నేను తప్పు మనిషి మీద పడలేదు.

31 అక్టోబరు, శుక్రవారం

ఇవాళ మట్టి ఇవ్వలేదు. ఒక్కొక్కర్నీ ముందుకు పిలిచి, జూన్‌లో మీ ఇంటి దగ్గర ఏం జరిగిందో చెప్పమన్నాను. సుమిత్రమ్మ టీచర్ చెప్పిన పద్ధతే. నలుగురు చెప్పారు. ఐదోసారి, "కుసుమకుమారీ" అన్నాను.

తన పేరు విని ముందు అటూ ఇటూ చూసింది. లేచింది. మొహం వెలిగింది. నేను పిలిచానని. ముందుకొచ్చి నిలబడింది.

"జూన్‌ల నువ్వు ఏం చేసినవో అందరికి చెప్పు."

నోరు తెరిచింది. మాట రాలేదు. మళ్ళీ తెరిచింది. గొంతు దగ్గర ఏదో కదులుతోంది, అంతే. పిల్లలు నవ్వడం మొదలుపెట్టారు. నేను ఆపలేదు. కూర్చోమని కూడా అనలేదు. గంట కొట్టేదాకా అలాగే నిలబడింది. పాతిక నిమిషాలు.

చూపుడు వేలికి గుడ్డ కట్టి ఉంది. ఎందుకో అడగలేదు.

ఇంటికొచ్చి కడుపునిండా తిన్నాను.

7 నవంబరు, శుక్రవారం

ఎలా జరిగిందో అలాగే రాయాలి.

ఎల్లుండి దీపావళి. మధ్యాహ్నం బడి గోడ అవతల ఎవరో టపాకాయల జడ ముట్టించారు. పిల్లలు చెదిరిపోయారు. మళ్ళీ అందర్నీ పోగుచేసి లెక్క చూస్తే ఒకరు తక్కువ. నేను పేరు పిలవని పిల్ల కనబడకపోతే నాకు వెంటనే తెలియలేదు. ఆ పిల్ల కూర్చునే వైపు చూడడం మానేసి చాలా రోజులైంది కదా. సుమిత్రమ్మ టీచరే వచ్చి "కుసుమ ఏది?" అంది.

బావి వైపు పరుగెత్తింది ఆమె. నేను గదులు వెతికాను. బావి గట్టు తక్కువ. ఆ రెండు నిమిషాలు ఏమనుకున్నానో రాయలేను.

చాపలు దాచే గదిలో దొరికింది, నాకే. చుట్టి నిలబెట్టిన చాపల వెనక, గోడకూ వాటికీ మధ్య. చూపుడు వేలు నోట్లో ఉంది. చీకడం లేదు, కొరుకుతోంది. గుడ్డ ఊడిపోయి ఉంది. చర్మం లేదు అక్కడ. రక్తం గడ్డం మీద. అయినా కొరుకుతూనే ఉంది, ఏదో పని పూర్తి చేయాలన్నట్టు.

కింద కూర్చున్నాను. ఆ వేలు నోట్లోంచి తీశాను. తీస్తుంటే నా వైపు చూసి మాట్లాడింది. గుసగుసగా, గాలిలాగా.

"ఇస్సాకన్నయ్యకి తగ్గిందాండీ?"

గడ్డం మీది రక్తం కొంగుతో తుడిచాను.

"పోలీసాయన, వీళ్ళల్లో నీకు తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా పాపా అన్నాడండీ. నాకు ఇస్సాకన్నయ్య ఒక్కడే తెలుసు. నన్ను సైకిలెక్కించుకున్నాడు కదా. అన్నయ్య ఉన్నాడు, ఇంక భయం లేదనుకున్నానండీ. అందుకని చూపించాను."

తర్వాత, "మీరు నా పేరు పిలవరు కదండీ. నేను లోపల్లోపలే ప్రెజెంట్ టీచర్ అంటున్నానండీ రోజూ" అంది.

ఎత్తుకున్నాను. ఏడేళ్ళ పిల్ల ఏమీ బరువు లేదు.

8 నవంబరు

ఇవాళ రాయడానికి ఏమీ లేదు.

9 నవంబరు, ఆదివారం

పొద్దుటి నుంచీ వీధిలో టపాకాయలు. ఇస్సాకు మూలన కూర్చుని రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. ఒక్కో చప్పుడుకూ వాడి భుజాలు ఎగురుతున్నాయి. బడిలో ముప్పై ఎనిమిది మందిలో ఏం చూశానో, మా ఇంట్లో ఒకడిలో అదే ఉంది. ఆ గోడకు ఆనుకున్న పిల్లలో కూడా అదే ఉంది. చూడదలుచుకోలేదు, అంతే.

అమ్మ చర్చి నుంచి ఇంకా రాలేదు. వాడి పక్కన కూర్చున్నాను. కుసుమ చెప్పింది చెప్పాను. నేను చేసింది కూడా చెప్పాను, హాజరు దగ్గర నుంచి నిలబెట్టినదాకా. వాడు తల ఎత్తి నన్ను చూశాడు. కొత్త మనిషిని చూసినట్టు.

"గింత పని ఎందుకు చేసినవ్ అక్కా?"

"నిన్ను అట్ల చేసిన్రు గద రా. నువ్వు రాయి కూడ ఏయలే."

"ఏసిన."

నేను లేవబోయాను. వాడు ఎడమచేత్తో నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఒక్కటే ఏసిన. గా కిటికి మీదనే. అందరు ఏస్తుండిరి, నేను గూడ ఏసిన. లోపల పొల్ల ఉందని సూడలే. నీకు తెల్వదా అక్కా? జైలుకెల్లి ఒచ్చినంక నా అంగి ఉతికింది నువ్వు. పోలీసోళ్ళు గూడ సూడలే, జేబుల కంకర ఉండె. నువ్వే పారబోసినవ్. నేను సూసిన."

అవును. నాలుగు రాళ్ళు. కాలవలో పారబోశాను.

11 నవంబరు, మంగళవారం

హాజరులో ఇరవై మూడో పేరు పిలిచాను. కుసుమకుమారి తల కూడా ఎత్తలేదు. మూడుసార్లు పిలిచాను. పిలిస్తే ఏదో జరుగుతుందని, మళ్ళీ నిలబెడతారని అనుకుందేమో, చాప అంచు గట్టిగా పట్టుకుంది. నా గొంతు వింటే ఆ పిల్లకు భయం. నేనే నేర్పాను.

ఇంటర్వెల్‌లో సుమిత్రమ్మ టీచర్‌కు అంతా చెప్పాను. కొడుతుందనుకున్నాను. కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకుంది.

"చాప తడిపిన నాడే నాకు అనుమానమొచ్చింది. నోరు మూసుకున్న. నాది గూడ తప్పే" అంది. కళ్ళద్దాలు పెట్టుకుని, "గా పిల్ల మనసుల ఒక్కటే వడ్డది. ఇస్సాకును తనే ఆగం చేసిన్నని. నువ్వు పేరు పిలవకపోయేసరికి గది ఖాయం చేసుకుంది. ఇప్పుడు నువ్వు ఎంత మంచిగ మాట్లాడినా నమ్మదు. నీ తప్పు లేదని చెప్పాల్సింది ఇస్సాకు. ఆళ్ళ అమ్మానాయన ముంగట చెప్పాలె" అంది.

"ఆళ్ళు మళ్ళ పోలీసులకు చెప్తే?"

"చెప్తె చెప్తరు."

అలా అనడం ఆమెకు తేలిక. వాడి మిగిలిన మూడు వేళ్ళు ఆమెవి కావు.

16 నవంబరు, ఆదివారం

వాడే బయల్దేరాడు. సుమిత్రమ్మ టీచర్ మాట వాడికి చెప్పి, నాలుగు రోజులు నేనే వెళ్ళడం దాటేస్తూ వచ్చాను. ఇవాళ పొద్దున వాడే గడ్డం గీసుకుని, ఉతికిన అంగీ వేసుకుని, "పోదాం పా అక్కా" అన్నాడు. జూలై తర్వాత వాడు గడప దాటడం ఇదే. బస్సు చప్పుడైనప్పుడల్లా నా వైపు జరిగాడు.

పట్టాభి పేపరు చదువుకుంటున్నాడు. నన్ను చూసి లేచి, "రండి టీచరుగారూ, రండి. ఏమేవ్, టీచరుగారు వచ్చారు" అని లోపలికి కేకేశాడు. ఆయన భార్య హనుమాయమ్మ కాఫీ తెచ్చింది. కుసుమ ఆమె చీర వెనక ఉంది. వేలికి కట్టు. ఇస్సాకు గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"ఈడు నా తమ్ముడండి, ఇస్సాకు" అన్నాను.

ఆ రోజు పోలీసులు పట్టుకుపోయింది వీణ్ణేనని హనుమాయమ్మకు అర్థమైంది. పట్టాభికి అర్థం కావడానికి ఇంకో నిమిషం పట్టింది.

"జూన్‌ల మీ కిటికి మీద రాయి ఏసింది నేనే సార్" అన్నాడు ఇస్సాకు.

పట్టాభి చేతిలో పేపరు కింద పడింది. "నా కూతురు పడుకున్న మంచం మీద పడింది గాజు. తెలుసా నీకు? ఇప్పుడు నేను వెళ్ళి పోలీసులకు చెబితే?"

"చెప్పుండ్రి. నేను ఈడనే ఉంట. గని ముందుగాల పాపతోని ఒక్క మాట చెప్పనియ్యుండ్రి."

వాడు గుమ్మంలోనే గొంతుక్కూర్చున్నాడు. చెయ్యి దాచుకోలేదు.

"కుసుమా. నువ్వు అబద్ధం చెప్పలే. తెలిసినోడు ఎవరంటే నన్ను చూపించినవ్. నేను నిజంగనే ఏసిన. గీ ఏళ్ళు ఇరగ్గొట్టింది కొట్టినోళ్ళు. నువ్వు గాదు. నాకు నీ మీద కోపం లేదు. ఎన్నడు లేకుండె."

కుసుమ తల్లి వెనక నుంచి బయటికి వచ్చింది. ఆ చేతి వైపు చూసింది. వాడి మొహం వైపు చూసింది. ఆ ఇంట్లో నెలరోజుల తర్వాత విన్న మొదటి మాట అదేనట.

"ఎందుకేశావన్నయ్యా? నేనున్నాను కదా లోపల."

"నువ్వున్నవని యాదికి రాలే" అన్నాడు ఇస్సాకు. తల వంచుకుని ఏడ్చాడు. జైలు నుంచి వచ్చిన రోజు కూడా ఏడవలేదు.

పట్టాభి కుర్చీలో కూలబడ్డాడు. "వెళ్ళు బాబూ. వెళ్ళిపో. నేనెవరికీ చెప్పను" అన్నాడు.

అప్పుడు నేను లేచి నా సంగతి చెప్పాను. పేరు పిలవకపోవడం, వేలు ఎత్తితే చూడకపోవడం, నిలబెట్టడం. ఏదీ వదల్లేదు. మూడో మాటకే హనుమాయమ్మ పిల్లను లోపలికి పంపి తలుపు వేసింది. చివరిదాకా విని నా ముందున్న కాఫీ గ్లాసు తీసేసింది.

"కుర్రాడు గుంపులో పడి వేశాడు. ఒక్క నిమిషం పని. మీరు రోజూ పొద్దున్నే స్నానం చేసి, తల దువ్వుకుని, ఆలోచించుకుని వచ్చి చేశారు. ఏడు వారాలు. ఈ అబ్బాయి మీద నాకు కోపం ఎప్పటికో పోతుందేమో. మిమ్మల్ని మాత్రం వదలను."

గట్టిగా కూడా అనలేదు.

19 నవంబరు, బుధవారం

హెడ్మాస్టరు త్రినాథరావుగారు నాకు కాగితం ఇచ్చారు. హనుమాయమ్మ రాసిన ఫిర్యాదు, నాలుగు పేజీలు. అక్షరం పొల్లు పోలేదు. సంజాయిషీ రాయమన్నారు. ఆయన తలుపు దగ్గరికి వేసి, "పిల్ల చిన్నది, సాక్ష్యం ఏమీ లేదు, పట్టీలో అన్నీ హాజర్లే ఉన్నాయి. కాదని రాసేయండి, నేను చూసుకుంటాను" అన్నారు.

జరిగింది నిజమే అని రాసి సంతకం పెట్టాను. ఉద్యోగం ఉంటుందో, ఏ మారుమూలకు వేస్తారో తెలియదు. అమ్మకు ఇంకా చెప్పలేదు.

కుసుమను సుమిత్రమ్మ టీచర్ క్లాసులో కూర్చోబెట్టారు. తల్లి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వరండాలోనే ఉంటోంది. ఇవాళ కుసుమ మంచినీళ్ళు అడిగిందట. నోటితోనే. వేలు మాత్రం ఇంకా నోట్లోకి పోతూనే ఉంది, మానడానికి ఎన్నాళ్ళు పడుతుందో చెప్పలేను అంది సుమిత్రమ్మ టీచర్. ఇస్సాకు సైకిల్‌కు గాలి కొట్టించాడు. ఎక్కలేదు.

ఏడేళ్ళ పిల్ల ముందు వంగి, తెలిసినవాళ్ళు ఎవరమ్మా అని తియ్యగా అడిగినవాడి పేరు నాకు తెలియదు. నా పగ పోయిందని ఇక్కడ రాస్తే అబద్ధం. వాడు ఎదురుపడితే ఏం చేస్తానో నాకే తెలియదు. కానీ వాడికి కూతురుంటే, ఆ పిల్ల నా క్లాసుకు రాకూడదని మాత్రం ఇవాళ మొదటిసారి ప్రార్థన చేశాను.

సాయంత్రం వరండాలో హనుమాయమ్మ పక్క నుంచే వెళ్ళాల్సి వచ్చింది. ఆమె పక్కకు జరగలేదు. కళ్ళు కూడా తిప్పుకోలేదు. ఆ చూపు నేను ఎరుగుదును. నెలల తరబడి అద్దంలో చూశాను. ఆమెకు ఆ హక్కు ఉంది. ఎన్నాళ్ళైనా ఉంచుకోవచ్చు.

నాకు పెళ్ళి కాలేదని, పిల్లలు లేరని అమ్మ దిగులుపడుతుంది. ఇవాళ మాత్రం దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాను. హనుమాయమ్మ చేతికి చిక్కడానికి నాకు బిడ్డంటూ ఎవరూ లేరు.